మందులు వాడాక కూడా గీత పడింది

మాది పాడేరు దగ్గర పల్లె. పోయిన వానాకాలం మా పదేళ్ల బాబుకి చలిజ్వరం పట్టుకుంది. ఆశా అక్క వేలు గుచ్చి ఒక్క రక్తపు చుక్క మలేరియా కిట్‌లో వేస్తే, కిట్ పనిచేస్తోందని చెప్పే కంట్రోల్ గీత పక్కన ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకం గీత పడింది. వెంటనే ఎర్ర ప్యాకెట్‌లో వచ్చే ఏసీటీ అనే మలేరియా మాత్రలు మొదలుపెట్టి మూడు రోజులూ తప్పకుండా వేశాం. నాలుగో రోజుకి వాడు గంజి వద్దని అన్నం అడిగాడు.

పదహారో రోజు మళ్లీ ఒళ్లు కాలిపోయింది. కిట్ పెడితే మళ్లీ అదే గీత, కాస్త పల్చగా. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మందు పనిచేయలేదేమో, మలేరియా మెదడుకి ఎక్కుతుందేమో అని ఒకటే టెన్షన్. ఒక ఆర్ఎంపీ అదే కోర్సు మళ్లీ వేసేయమన్నాడు. మనసొప్పక పీహెచ్‌సీకి తీసుకెళ్లాను.

ల్యాబ్ టెక్నీషియన్ మొదట, "మాత్రలు ఎప్పుడు అయిపోయాయమ్మా?" అని అడిగాడు. తేదీ చెప్పగానే తలూపాడు. "ఈ కిట్ క్రిమిని చూడదమ్మా. అది రక్తంలో వదిలిన ప్రొటీన్‌ని పడుతుంది. క్రిమి చచ్చినా ఆ ప్రొటీన్ వారాల తరబడి ఉండిపోతుంది. ఇప్పుడు బతికున్న క్రిమి ఉందో లేదో స్లైడే చెప్పాలి."

స్లైడ్ అనే గాజు పలక మీద రక్తపు చుక్కని మందంగా పూసి, ఆరబెట్టి, రంగు వేసి, నూనె చుక్క పెట్టి మైక్రోస్కోప్‌లో చూడటం మొదలుపెట్టాడు. కనీసం వంద చోట్లు చూడందే నెగటివ్ అనకూడదట. నన్నూ చూడనిచ్చాడు. ఊదా రంగు ముద్దల్లా తెల్లకణాలు కనిపించాయి. మలేరియా ఉంటే సన్నటి నీలి ఉంగరం, దానికో ఎర్ర చుక్క ఉంటుందన్నాడు. ఎంత వెతికినా ఒక్కటీ లేదు.

అలాగని కిట్‌ని తక్కువ చేయలేను. మా కొండల్లో అర్ధరాత్రి మైక్రోస్కోప్ ఎవరు తెస్తారు? మొదటిసారి మావాడిని కాపాడింది అదే. అయితే క్రిములు మరీ తక్కువగా ఉంటే కిట్‌కి దొరకవు, స్లైడ్‌కైనా చూసే కన్ను అనుభవమున్నదై ఉండాలి. అందుకే ఆయన మర్నాడు కూడా రమ్మన్నాడు.

రెండో స్లైడూ నెగటివే. డాక్టరమ్మ బాబు నోరు తెరిపించి టార్చ్ వేసి చూస్తే గొంతు ఎర్రగా వాచి ఉంది. జ్వరం దానిదే.