స్టిక్‌తో షోర్యూకెన్: దసరాకి ముందు మూడు వారాలు

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, మహేంద్రతనయ దాటితే పాతపట్నం. పగలు నాన్నగారి కిరాణా కొట్లో నేనే కూర్చుంటాను. రాత్రి తొమ్మిది దాటితే, తమ్ముడు చదువుకి బరంపురం వెళ్తూ వదిలేసిన పీఎస్4 గేమ్ కన్సోల్ నాది. ఆడేది ఒకటే ఆట, 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6, ఇద్దరు ఎదురెదురుగా కొట్టుకునే ఆట. అందులో నా మనిషి ర్యూ.

దసరాకి మూడు వారాలుందనగా కంట్రోలర్ మీద డి-ప్యాడ్, అంటే నాలుగు బాణాల మీట, దాని ఎడమ బాణం పోయింది. రిపేరు చేసే ఆయన విప్పి చూసి, లోపలి రబ్బరు అరిగిపోయింది, ఆ పార్టు నా దగ్గర లేదమ్మా అన్నాడు. ఎడమ బాణం లేకపోతే వెనక్కి నడవలేం, దెబ్బ కాచుకోలేం. ఇక మిగిలింది అనలాగ్ స్టిక్, బొటనవేలితో ఎటైనా వంచే చిన్న పుల్ల. తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, మోడర్న్ కంట్రోల్స్ పెట్టేసుకో. ముందుకి తోసి ఒక్క బటన్ నొక్కితే షోర్యూకెన్ వచ్చేస్తుంది."

వస్తుంది, నిజమే. కానీ నాకు ఈ ఆటలో ఇష్టమైనదే బొటనవేలితో తిప్పి ఆ దెబ్బ రప్పించడం. అది వదులుకోబుద్ధి కాలేదు.

ఫైటింగ్ గేమ్స్ వాళ్లు దిక్కులను కాలిక్యులేటర్ అంకెల్లో చెప్పుకుంటారు. 5 అంటే స్టిక్ నడిమధ్యన ఉన్నట్టు. 6 ముందుకి, 4 వెనక్కి, 2 కిందికి, 8 పైకి, మిగతావి మూలలు. 236 తిప్పి పంచ్ నొక్కితే హదోకెన్, అంటే చేతుల్లోంచి దూరానికి విసిరే శక్తి గోళం. 623 తిప్పి నొక్కితే షోర్యూకెన్, అంటే పైనుంచి దూకి వచ్చేవాణ్ని గాల్లోనే కొట్టే దెబ్బ.

మొదటి వారం పది సార్లు తిప్పితే రెండు సార్లు కూడా రాలేదు. ర్యూ ఊరికే ఎగిరిపోయేవాడు. ట్రైనింగ్ మోడ్‌లో మనం నొక్కినవన్నీ బాణాలుగా తెర మీద పడతాయి. నాలుగో రాత్రి దెబ్బ సంగతి వదిలేసి ఆ బాణాలే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. 6 అనుకుని నేను తోస్తున్నది 9 మూలకి పోతోంది. నా ఎడమ బొటనవేలు కుడికి చాచినప్పుడల్లా కొంచెం పైకి వంపు తిరుగుతుంది. డి-ప్యాడ్ మీదైతే బాణం అంచు వేలికి తగిలి దారి చెబుతుంది. గుండ్రటి గుంటలో తిరిగే స్టిక్‌కి అలాంటి అంచు లేదు. నింటెండో గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌లో స్టిక్ చుట్టూ ఎనిమిది మూలల గుంట ఎందుకు పెట్టారో నాకు ఆ రాత్రే అర్థమైంది.

ఇంకో సంగతి. స్టిక్‌ని సగం వంచినా పూర్తిగా వంచినా ర్యూ నడక ఒకటే. 1999లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అనే ఆటలో మెల్లగా వంచితే ఒక దెబ్బ, విసిరినట్టు తోస్తే ఇంకో దెబ్బ. స్ట్రీట్ ఫైటర్‌కి ఆ తేడాతో పని లేదు, ఎనిమిది దిక్కుల్లో ఏది అన్నదే లెక్క. మరి నేను గుంట అంచుకి తగిలేదాకా ఎందుకు తోస్తున్నట్టు? వేలి నడుమ భాగం తీసేసి కొసతో పట్టాను. 6కి కాకుండా 6కి ఒక వెంట్రుక కిందకి గురిపెట్టాను. ఎగరడం తగ్గింది.

కొట్లో బేరం లేనప్పుడు కాలిక్యులేటర్ ముందర పెట్టుకుని, ఎడమ బొటనవేలితో మీటల మీద 6, 2, 3 రాసేదాన్ని. ఎదుటివాడు నా ఎడమ పక్కకి వస్తే అన్నీ తిరగబడతాయి కదా, అందుకని 4, 2, 1 కూడా. ఒకసారి కందిపప్పు లెక్క మధ్యలో 623 కొట్టేసి నాన్నగారితో చీవాట్లు తిన్నాను.

అన్నిటికన్నా కష్టపెట్టింది ముందుకి నడుస్తూ హదోకెన్ వేయడం. 6 మీదుండగా 236 తిప్పితే మొత్తం 6236 అవుతుంది. అందులో 623 దాగి ఉంది, ఆట దాన్నే పట్టుకుని షోర్యూకెన్ వేసేస్తుంది. ఎదురుగా ఎవరూ లేని గాల్లోకి ఎగిరి, కిందికి వచ్చేలోపు దెబ్బ తినడమే. దీనికి మందు ఒకటే, స్టిక్‌ని వదిలి 5కి రానివ్వడం. స్ప్రింగు దాన్ని వెనక్కి తెచ్చే ఆ చిన్న సమయం ఆగడం నాకు పది రోజులు పట్టింది. టెన్షన్‌లో వేలు పైకి లేవదు, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

కూర్చుని కాచుకోవడం మాత్రం ఈ రోజుకీ పూర్తిగా కుదరలేదు. 1 మూలలో పట్టి ఉంచాలి, కాస్త జారి 2కి వస్తే ర్యూ కూర్చునే ఉంటాడు కానీ కాచుకోడు, కింది నుంచి తన్ను పడుతుంది.

దసరాకి తమ్ముడు వచ్చాడు, తన కొత్త కంట్రోలర్‌తో. మొదటి ఆట వాడిదే. రెండో ఆటలో నా మీదుగా దూకి ఎడమ పక్కకి వచ్చాడు, వెంటనే మళ్లీ దూకాడు. 4, 2, 1, పంచ్. గాల్లోనే తగిలింది. "అక్కా, స్టిక్‌తోనా?" అని నా చెయ్యి వైపు వంగి చూశాడు. ఇంకో రెండు సార్లు అలాగే పడ్డాక వాడు దూకడం మానేసి నేల మీద నడిచి రావడం మొదలుపెట్టాడు.