మూతపడ్డ ఫ్యాక్టరీలో చిక్కుకున్న నా పదకొండేళ్ల సర్వీసు

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో ఇరవై మూడేళ్లు పాలిషింగ్ మిషన్ మీద పనిచేశాను. 2001 నుంచి 2012 దాకా ఒక చోట, ఆ తర్వాత పన్నెండేళ్లు ఇంకో చోట. మొదటి ఫ్యాక్టరీ నేను మానేసిన ఏడాదే మూతపడింది. ఇప్పుడక్కడ తుమ్మచెట్లు మొలిచాయి.

2024 జులైలో నాకు 58 నిండాయి. పీఎఫ్ పింఛనుకు పెట్టుకుందామని ఫ్యాక్టరీ గుమాస్తా దగ్గరికి వెళితే, కంప్యూటర్లో చూసి, "అన్నా, నీ సర్వీసు పన్నెండేళ్లే చూపిస్తోంది" అన్నాడు. నాకు కాళ్లు ఆడలేదు. మరి ఆ పదకొండేళ్లు ఏమైనట్టు?

తప్పు కొంత నాదే. 2012లో మానేసినప్పుడు పెద్దమ్మాయి పెళ్లికని పీఎఫ్ డబ్బులు తీసేసుకున్నాను. దాంతో ఆ లెక్క ముగిసిందనుకున్నాను. నిజానికి పదేళ్లు దాటిన సర్వీసుకు పింఛను భాగం చేతికివ్వరు, సర్వీసు అలాగే ఉంటుంది. ఆ సర్వీసు ఇంత అని చూపే స్కీమ్ సర్టిఫికెట్ అనే కాగితం తీసుకోవాలి. ఆ మాట అప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఎన్ని చోట్ల పనిచేసినా పీఎఫ్ లెక్కలన్నీ ఒకే నంబరు కిందికి తెచ్చే యూఏఎన్ వచ్చింది 2014లో. అప్పటికే మూతపడ్డ ఫ్యాక్టరీ నంబరును నా యూఏఎన్‌లో ఎవరు కలుపుతారు?

ప్రతి నెలా 27న పీఎఫ్ వాళ్లు జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' అని, మా ఫిర్యాదులు వినే శిబిరం పెడతారు. ఆగస్టులో ఒంగోలులో పెడితే వెళ్లాను. అక్కడున్న అమ్మాయి ఓపిగ్గా విని, "పెద్దాయనా, పాత పీఎఫ్ నంబరు ఏదైనా కాగితం మీద ఉందా?" అని అడిగింది.

ఆ రాత్రి ట్రంకుపెట్టె మొత్తం బోర్లించాం. అడుగున, పెళ్లి శుభలేఖల మధ్య, ఏడాదికోసారి ఇచ్చే పీఎఫ్ స్లిప్పు ఒకటి దొరికింది. మడత దగ్గర చిరిగితే మా ఆవిడ ఎప్పుడో అన్నం మెతుకుతో అతికించింది. అక్షరాలు వెలిసిపోయాయి గానీ నంబరు మాత్రం కనబడుతోంది. ఆవిడ దాన్ని భద్రంగా ప్లాస్టిక్ కవరులో పెట్టింది.

నంబరు దొరికింది గానీ పాత రికార్డులో నా పుట్టిన ఏడాది 1966కు బదులు 1968 అని ఉంది. చేర్చుకున్నరోజు ఎవరో తోచింది రాసుకున్నారు. దాన్ని దిద్దాలంటే జాయింట్ డిక్లరేషన్ అని, కార్మికుడూ యజమానీ కలిసి ఇచ్చే ఫారం మీద యజమాని సంతకం కావాలి. యజమాని ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీ మూతపడితే గెజిటెడ్ ఆఫీసరు ధ్రువీకరించినా తీసుకుంటామన్నారు. సంతనూతలపాడు హైస్కూల్లో నా టీసీ నకలు తెచ్చుకుని, ఆధార్ జతచేసి, ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ప్రతి కాగితం చదివి మరీ సంతకం పెట్టారు.

ఆ తర్వాత 10సీ ఫారం పెట్టి స్కీమ్ సర్టిఫికెట్ తీసుకున్నాను, అది వచ్చాక పింఛనుకు 10డీ ఫారం పెట్టాను. ఈ మధ్యలో పేర్నమిట్ట మీదుగా ఒంగోలుకు బస్సులో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. 2025 ఏప్రిల్‌లో మొదటి పింఛను పడింది, 58 నిండినప్పటి నుంచి రావలసిన బకాయితో కలిపి.

లెక్క చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. చివరి అరవై నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. జీతం ఎంతున్నా 15,000 దాకానే లెక్క. 2014 సెప్టెంబరుకు ముందు కాలానికైతే 6,500 దాకానే. ఇరవై ఏళ్లు దాటితే ఇంకో రెండేళ్లు కలుపుతారు. పన్నెండేళ్లకే అయితే నాకు నెలకు పంతొమ్మిది వందలు వచ్చేది. పాత సర్వీసు కలిశాక మూడు వేల రెండు వందల చిల్లర వస్తోంది. నా తర్వాత మా ఆవిడకు అందులో సగం వస్తుంది. అందుకే ఆ పదకొండేళ్లను వదల్లేదు.

అయినా నా బాధ నాకుంది. ఊళ్లో వృద్ధాప్య పింఛను నాలుగు వేలు. ఇన్నేళ్లు జీతంలో పీఎఫ్ కోత పడ్డ మాకు మాత్రం ఇంతే. కనీస పింఛను 2014లో వెయ్యి చేశారు, ఇప్పటికీ వెయ్యే. కరువు భత్యం కూడా లేదు. ధరలు పెరిగినా మా పింఛను పెరగదు. ఇది అన్యాయమని గట్టిగానే అంటాను. అందుకే ఇప్పటికీ పూటపని చేస్తున్నాను, కుర్రాళ్లకు అంచుల పాలిష్ నేర్పుతూ.

ఇంకో చిక్కు ఉంది. బతికే ఉన్నామని ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్ ఇవ్వాలి. మీసేవలో వేలు పెడితే మిషన్ పట్టదు. నీళ్లలో, రాతి పొడిలో ఇన్నేళ్లు నానిన వేళ్లు కదా, గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించారు, ఒక్కటీ పడలేదు. పింఛను ఆగిపోతుందేమోనని టెన్షన్‌తో ఇంటికొచ్చాను. మా చిన్నమ్మాయి ఫోన్లో ముఖం చూపించి ఇచ్చే యాప్ ఉందని చెప్పి, వేపచెట్టు కింద వెలుగులో కూర్చోబెట్టి, "నాన్నా, కళ్లు ఆర్పు" అంది. రెండోసారికి తీసుకుంది.

ఆ సంగతి మా మిషన్ల వాళ్లకు తెలిసింది. అందరివీ అవే వేళ్లు. ఆదివారం పొద్దున్నే మా వసారాలో కూర్చుంటున్నారు. మా చిన్నమ్మాయి ఇప్పటికి ఆరుగురికి చేసింది.