కనురెప్ప కింద తెలుపు

ఉదయగిరి దగ్గర మా మామయ్య మందలో ఒక జోడిపి (నెల్లూరు జాతిలో ఒక రకం) గొర్రెకు దవడ కింద సంచిలా నీరు దిగింది. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెంటికల పరీక్షలో హీమాంకస్ గుడ్లు తేలాయి. నాలుగో కడుపులో రక్తం తాగే పురుగు ఇది. ఒక్కోటి రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది. 1000 ఉంటే 50 మిల్లీలీటర్లు! పాపం, ఆ మూగజీవం ఎలా తట్టుకుంటుంది?

"అన్నిటికీ నట్టల మందు తాపేద్దాం అబ్బయ్యా" అన్నాడు మామయ్య. వద్దన్నాను. తూకం చూడకుండా ప్రతిసారీ అన్నిటికీ అదే మందు తక్కువగా పోస్తే మందుకు లొంగని పురుగులే మిగులుతాయి. దక్షిణాఫ్రికా పరిశోధకుల ఫమాచా కార్డు చూపించాను. రెప్ప రంగును 5 మెట్లతో పోల్చి, పాలిపోయిన వాటికే మందు వేయాలి.

62 గొర్రెల్లో 9 పాలిపోయినవిగా తేలాయి. చీకటి పడ్డాక కూడా మామయ్య టార్చి వేసి ఇంకోసారి రెప్పలు చూస్తూనే ఉన్నాడు.