నలభై సెకన్ల కాకికి చప్పుళ్లు పెట్టిన కథ

మా పెద్దక్క మదనపల్లె దగ్గర ఒక ప్రభుత్వ బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతుంది. మా తమ్ముడు తిరుపతిలో చదువుకుంటూ, ఖాళీ దొరికితే బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు గీసి కదిలిస్తుంటాడు. ఇద్దరూ కలిసి పిల్లల కోసం దాహం వేసిన కాకి కథను 40 సెకన్ల కార్టూన్ చేశారు. గీయడం అయిపోయాక వాడు నాకు ఫోన్ చేశాడు. "చిన్నక్కా, సౌండు నువ్వు పెట్టవా? నీ దగ్గర మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నాయి కదా." బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం, చెవులకు హెడ్‌ఫోన్స్. ఈ రెండూ ఉంటే సౌండ్ ఇంజినీరింగ్ దానంతటదే వచ్చేస్తుందని వాడి లెక్క.

ఇది 2024 మార్చి నాటి మాట. ఊరంతా నీళ్ల కటకట. తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి చెప్పిన రోజులు. మారతహళ్లిలో మేముండే ఇంటికి ట్యాంకరు వస్తేనే నీళ్లు. సరిగ్గా అప్పుడే నేను కుండలో నీళ్లు పోసి రాళ్లు వేసే పని నెత్తికెత్తుకున్నాను.

మొదట నెట్‌లో ఉచితంగా దొరికే చప్పుళ్లతో కానిచ్చేద్దామనుకున్నా. వెతికితే అన్నీ చెరువులో పడ్డ రాళ్లే. తమ్ముడు తన స్టోరీబోర్డులో ప్రతి రాయి పక్కనా "బుడుంగ్" అని రాసిపెట్టాడు. నాకు దొరికినవేవో "డభీ"మన్నాయి, "ఛప్పు"మన్నాయి తప్ప ఒక్కటీ బుడుంగుమనలేదు. పైగా కథలో కుండ నిండుతూ పోతుంది కదా. కుళాయి కింద బిందె పెట్టి మా అమ్మ వంటింట్లో పని చేసుకుంటూనే "నిండొచ్చింది, కట్టేయ్" అని కేకేసేది. నీళ్లు పైకొచ్చేకొద్దీ లోపల గాలికి చోటు తగ్గి చప్పుడు సన్నబడుతుంది, ఆమె చెవి దాన్ని పట్టేది. తొమ్మిది రాళ్లకూ ఒకే చప్పుడు అతికిస్తే ఆ నిండడం చెవికి తెలియదు. సాఫ్ట్‌వేర్‌లో పిచ్ పెంచి చూశాను, కుండ బదులు ఎలక పిల్ల పలికినట్టుంది.

దాంతో ఒక శనివారం ఫ్రేజర్ టౌన్ దగ్గరి పాటరీ టౌన్‌కి వెళ్లి మట్టి కుండ కొనుక్కొచ్చాను. గులకరాళ్లు పక్క వీధిలో ఇల్లు కడుతున్నచోట ఏరుకున్నాను. రింగు రోడ్డు రొద తగ్గే రాత్రి మూడింటికి ఫ్యాను ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు పీకి, ఫోన్‌ని స్టూలు మీద పెట్టి మొదలుపెట్టాను. పావు కుండ నీళ్లకు ఐదు రాళ్లు, సగానికి ఐదు, ముప్పావుకి ఐదు. నాలుగో రాయికే కింద నుంచి ఓనర్ ఆంటీ వచ్చేసింది, ఏమిటీ అర్ధరాత్రి అని. నాకొచ్చిన కన్నడలో "మడకేలి కల్లు హాక్తిద్దీని ఆంటీ" అన్నాను. కన్నడంలో కల్లు అంటే రాయి. లోపల నిద్రపోతున్న మా గుంటూరు రూమ్మేట్‌కి మాత్రం కుండ, కల్లు తప్ప ఇంకేం వినపడినట్టు లేదు, దిగ్గున లేచి కూర్చుంది. రాళ్ల సంగతి ఆంటీ అంతగా పట్టించుకోలేదు కానీ నీళ్ల గురించి గట్టిగానే అడిగింది. అన్నిటికీ అవే నీళ్లని, తర్వాత వాటితోనే ఇల్లు తుడుస్తానని మాటిచ్చాక గానీ మెట్లు దిగలేదు.

కాకి రెక్కలకు చున్నీ ఊపితే గాలి తప్ప ఏమీ రాలేదు. మడతల గొడుగును సగం తెరిచి మూస్తుంటే అచ్చం రెక్కల టపటప.

ఇక అసలు పని. ఎడిటింగ్‌కి ఆడాసిటీ వాడాను. 2000లో వచ్చిన సాఫ్ట్‌వేర్, ఇప్పటికీ ఉచితమే. చిక్కేమిటంటే అందులో వీడియో కనపడదు. బొమ్మ చూస్తూ చప్పుడు జరుపుదామంటే కుదరదు, ఏ చప్పుడు ఏ క్షణంలో పడాలో ముందే తెలియాలి. అందుకని తమ్ముడి చేత ఫ్రేమ్ నంబర్ల చిట్టా రాయించాను. ఫ్రేమ్ అంటే కార్టూన్‌లో ఒక్కో కదలని బొమ్మ. సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 960. మొదటి రెక్క చప్పుడు 49, మొదటి రాయి నీటిని తాకేది 385, చివరిది 721. "బ్లెండర్‌లో లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, సున్నా నుంచి కాదు. ఒకటి తీసేసి 24తో భాగించు" అని వాడు హెచ్చరించాడు కూడా. అలా 385 అంటే సరిగ్గా 16 సెకన్లు, 721 అంటే 30. ఇవన్నీ స్ప్రెడ్‌షీట్‌లో వేసి, మొదలు, ముగింపు, పేరు అనే మూడు కాలమ్‌లను టెక్స్ట్ ఫైల్లోకి కాపీ చేసి ఆడాసిటీలో లేబుల్స్‌గా ఇంపోర్ట్ చేస్తే, టైమ్‌లైన్ కింద చీటీలు అంటించినట్టు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఈ సౌకర్యం ఉందని తెలియక మొదటి రోజు ఒక్కొక్కటే చేత్తో పెట్టుకుంటూ కూర్చున్నాను, ఆ రెండు గంటలు పోయినట్టే. కింది పట్టీలో సమయాన్ని 24 ఫ్రేముల లెక్కలో చూపించమని మార్చుకుంటే ఇంకా సుఖం.

చప్పుళ్లను చీటీల దగ్గరకు జరిపాను, వేవ్ ఫైల్‌గా బయటకు తీశాను, బ్లెండర్‌లో వీడియో కింద పెట్టి చూశాను. అక్కడ ప్లేబ్యాక్‌ని "సింక్ టు ఆడియో"కి మార్చుకోకపోతే బొమ్మ ఒక దారి, చప్పుడు ఒక దారి పోతాయి. మార్చుకున్నాక కూడా ఏదో తేడా కొట్టింది. రాయి నీళ్లను తాకకముందే కుండ పలుకుతోంది. నంబర్లు మళ్లీ లెక్కేశాను, సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ఒక్క రాయి చప్పుణ్ని తెర నిండా వచ్చేదాకా జూమ్ చేశాను.

ఒక చప్పుడనుకున్నది నిజానికి రెండు. ముందు సన్నగా గోరంత "టిక్", రాయి నీటి పైభాగాన్ని తాకినప్పటిది. తర్వాత కాసేపు దాదాపు ఏమీ లేదు. ఆ తర్వాత లావుగా, ఊగుతూ "బుడుంగ్". రాయి మునుగుతూ వెనకాల గాలిని గుంతలా లాక్కుపోతుంది, ఆ గుంత మూసుకుని లోపల చిక్కిన గాలి ఊగినప్పుడు వచ్చే మోత అది. నా రికార్డింగులో రెంటికీ మధ్య 80 మిల్లీసెకన్లు, అంటే దాదాపు రెండు ఫ్రేములు. నేను కంటికి ఆనిన పెద్ద అలను తీసుకెళ్లి చీటీకి ఆనించాను, దాంతో టిక్కు రెండు ఫ్రేములు ముందుకు పోయింది. తొమ్మిది చప్పుళ్లనూ టిక్కు దగ్గర కత్తిరించి, టిక్కునే చీటీకి కలిపాను. రాయి మళ్లీ రాయిలా పడింది.

రెండు ఫ్రేములను చెవి ఇంత తేలిగ్గా పడుతుందా అని చదివితే, ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఇచ్చిన సిఫార్సు కనిపించింది. చప్పుడు బొమ్మ కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడట. వెనకొస్తే మాత్రం 125 దాకా తెలియదట. ఆలోచిస్తే సబబే. చాకిరేవు అవతలి గట్టున బట్ట బండకు తగలడం ముందు కనపడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. చప్పుడు ముందొచ్చి దెబ్బ తర్వాత పడడం లోకంలో ఎవరూ చూసి ఉండరు. అందుకే అనుమానం వచ్చిన ప్రతిచోటా ఒక ఫ్రేము వెనక్కే వదిలాను.

ఆదివారం రాత్రి తమ్ముడు రంగులన్నీ వేసి ఫైనల్ వీడియో పంపాడు. నా ఆడియో దానికింద పెట్టాను. రెక్కలు బాగానే ఉన్నాయి. మొదటి రాయి చప్పుడు అర సెకను పైనే ఆలస్యం. చివరి రాయికైతే కాకి ముక్కు ఖాళీ అయి ఎంతసేపో అయ్యాక కుండ బుడుంగుమంది. ఆ రాత్రి టెన్షన్‌లో రాళ్లను ఒక్కొక్కటీ చేత్తో జరపబోయి ఆగాను. మొదట్లో లేని తేడా పోనుపోను పెరుగుతోందంటే తప్పు చప్పుళ్లలో ఉండదు, కొలబద్దలో ఉంటుంది. వీడియో నిడివి చూశాను, 38.4 సెకన్లు. 960ని 38.4తో భాగిస్తే 25. వాడు రంగులు వేసేటప్పుడు ఎక్కడో ఫ్రేమ్ రేటు 24 నుంచి 25కి మారిపోయింది. 721వ ఫ్రేము 30వ సెకనులో కాకుండా 28.8లోనే వచ్చేస్తోంది. మొదటి రెక్క దగ్గర ఈ తేడా 80 మిల్లీసెకన్లే, అదీ వెనక్కే, కనుక చెవికి ఆనలేదు. "ఒరేయ్, 24లో మళ్లీ రెండర్ చేసి పంపు" అన్నాను. "ల్యాప్‌టాప్ మీద దోసె పోసుకోవచ్చు చిన్నక్కా, అంత కాగుతోంది" అని గొణిగినా పొద్దున్నకి పంపాడు.

మర్నాడు ఆఫీసు బస్సులో ల్యాప్‌టాప్ తెరిచి చివరిసారి చూశాను. మళ్లీ ఆలస్యం! కానీ ఈసారి మొదటి రెక్క నుంచి చివరి రాయి దాకా అన్నీ ఒకే మేర. దిగేలోపు అన్నిటినీ కలిపి ఐదు ఫ్రేములు ముందుకు జరిపి పంపేశాను. పది నిమిషాల్లో వాడి ఫోన్: "చిన్నక్కా, కాకి రాయి వదలకముందే నీ కుండ భయపడి అరుస్తోంది." వాడు ఫోన్ స్పీకర్లో విన్నాడు. నేను బస్సులో విన్నది బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో, ఇంట్లో రోజూ వాడే వైరు హెడ్‌ఫోన్స్‌లో కాదు. బ్లూటూత్‌లో చప్పుడు చెవికి చేరేసరికి ఎంతోకొంత వెనకబడుతుంది. చాలా వీడియో ప్లేయర్లు ఆ ఆలస్యాన్ని తామే సర్దేస్తాయి కాబట్టి సినిమాలు చూస్తున్నన్నాళ్లూ నాకు తెలియలేదు. ఐదు ఫ్రేములూ వెనక్కి జరిపాను. వైరు లేకుండా సింక్ చూడకూడదని మానిటర్ మీద చీటీ కూడా అంటించుకున్నాను.

చివర్లో కాకి నీళ్లు తాగే చప్పుడు మాత్రం నా వల్ల కాలేదు. గిన్నెలో వేళ్లు ఆడిస్తే తమ్ముడు విని "ఇది కుక్క" అని తేల్చేశాడు. అక్కడ ఏమీ పెట్టకుండా ఉత్త గాలి చప్పుడు వదిలేశాం.

బుధవారం పెద్దక్క ఫోన్ చేసింది. పిల్లలు మూడుసార్లు వేయించుకున్నారట, రాయి పడ్డప్పుడల్లా అందరూ కలిసి బుడుంగ్ అని అరిచారట.

"స్పీకర్లో గట్టిగా వినపడిందా అక్కా?"

"ఓ, హెడ్‌మాస్టరు గారి బ్లూటూత్ స్పీకర్ తెచ్చి పెట్టాం కదే."

ఆ సాయంత్రమే మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఐదు మీటర్ల ఆక్స్ కేబుల్ ఒకటి కొని మదనపల్లెకి కొరియర్ చేశాను.