బోయజు పొలంలో పరిగె: శరణార్థి కుటుంబం వచ్చినప్పుడు సంఘం పని

వేరుశనగ పెరికేశాక చిత్తూరు పల్లెల్లో ఆడవాళ్లు, పిల్లలు ఆ చేలో మట్టి కెలికి మిగిలిన కాయలు ఏరుకుంటారు. అది చూసినవాళ్లకు బైబిలులోని రూతు గ్రంథం రెండో అధ్యాయానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. పొలం ఓరలు పూర్తిగా కోయవద్దనీ, కోతలో రాలిన పరిగెను బీదలకూ పరదేశులకూ వదిలేయమనీ లేవీయకాండము 19:9, 10 చెబుతుంది. మోయాబు నుంచి వచ్చిన విధవరాలు రూతు ఆ ఆజ్ఞ ఆసరాతోనే బేత్లెహేము చేలో దిగింది.

కోత పండుగ ప్రసంగాల్లో ఆ చేను యజమాని బోయజు ధారాళం గురించి చాలానే వింటాం. ఆయన చేసిన పనుల వరుసను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ముందు ఈమె ఎవరని విచారించాడు. వేరే పొలానికి పోవద్దన్నాడు. ఆమె జోలికి వెళ్లవద్దని పనివాళ్లకు ఆజ్ఞ ఇచ్చాడు. దాహమైతే వాళ్లు చేదిన నీళ్లే తాగమన్నాడు. తర్వాత తన పనివాళ్ల పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టాడు. కంకులు పిడికెళ్లకొద్దీ ఆమె కోసం కావాలనే పడవేయమన్న మాట చిట్టచివర, పదహారో వచనంలో వస్తుంది. శరణార్థి కుటుంబం వస్తే చర్చిలో మనం తలకిందులుగా మొదలుపెడతాం: మొదటి ఆదివారమే బియ్యం బస్తా, దుప్పట్లు, వేదిక మీద ఒక ఫొటో.

ఆ ఫొటో అసలు వద్దు. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తర్వాత పారిపోయి వచ్చిన చిన్ తెగ కుటుంబాన్నే తీసుకోండి. వాళ్ల అన్నదమ్ములు ఇంకా అక్కడే ఉండొచ్చు. సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టిన బొమ్మ ఎక్కడిదాకా పోతుందో మన చేతిలో ఉండదు. సాక్ష్యం చెప్పమని ఒత్తిడి చేయడమూ అంతే. బాప్తిస్మం తీసుకుంటేనే సాయమనే సూచన మాటల్లోనే కాదు, ముఖంలో కూడా కనబడకూడదు. లేవీయకాండము పరదేశికి ఆ షరతు పెట్టలేదు. వచ్చిన కుటుంబం ముస్లిం కుటుంబమైనా వరుస ఇదే.

ఇక ‘ఈమె ఎవరు’ అన్న మొదటి ప్రశ్న, అంటే కాగితాలు. తిరుపతిలో ఆధార్ చూపకుండా లాడ్జిలో ఒక రాత్రి గది దొరకడమే కష్టం, కాబట్టి ఆ భారం చర్చి హాలు మీదో విశ్వాసుల ఇంటి మీదో పడుతుంది. విదేశీయులకు బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లోగా విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో తెలపాలి. హోటళ్లవాళ్లు ఫారం సి అనేది ఇదే. భయపడి దాచిపెడితే కేసు బస ఇచ్చినవాళ్ల మీదా, కుటుంబం మీదా పడుతుంది. పాస్టరుగారితో పాటు ఒక న్యాయవాది వెళ్లి పోలీసులతో ముందే మాట్లాడటం మేలు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు వాళ్లకు ఎంతో విలువైనదే అయినా, దాంతో ఆధార్ రాదు. ఈ సందులోనే దళారులు దూరతారు. ‘కొంత ఖర్చు పెడితే ఆధార్ చేయిస్తాం’ అనేవాడిని గుమ్మంలోంచే పంపేయాలి. దొంగ కార్డు దొరికిన రోజున జైలుకు పోయేది ఆ కుటుంబ పెద్దే. అసలు కాగితాలు ఎప్పుడూ వాళ్ల దగ్గరే ఉండాలి, సంఘం జిరాక్సులు మాత్రం పెట్టుకోవాలి. మణిపుర్ నుంచి 2023 మే అల్లర్ల తర్వాత వచ్చినవాళ్లు మన దేశ పౌరులే కనుక వాళ్లకు ఈ బెడద లేదు. మిగతా అవసరాలన్నీ ఒకటే.

తిండి విషయంలో అడిగి ఇవ్వడమే పద్ధతి. నలుగురున్న ఇంటికి నెలకు 26 కిలోల బస్తా ఒకటిన్నర దాకా పడుతుంది. అయితే ఏ బియ్యమో వాళ్లే చెప్పాలి. మనకు ప్రాణమైన రాగిసంగటి వాళ్ల పిల్లలకు మింగుడుపడకపోవచ్చు. రోజూ క్యారియర్లు పంపడం కంటే పొయ్యి ఏర్పాటు చేయడం మంచిది. 5 కిలోల చిన్న సిలిండర్‌ను చిరునామా రుజువు లేకుండా అమ్ముతారు. అద్దె మొదటి మూడు నెలలు పూర్తిగా, తర్వాతి మూడు నెలలు సగం కట్టే ఏర్పాటు మొదటి రోజే చెప్పేయాలి. చెప్పకుండా ఆపేస్తే వాళ్లు అప్పుల్లో పడతారు.

బడికి 2009 విద్యాహక్కు చట్టం తోడుంటుంది: వయసు రుజువు లేదని పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదు. మన ప్రభుత్వ బళ్లలో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్క పేజీల్లో అచ్చేసిన పుస్తకాలు కొత్త పిల్లలకు భలే పనికొస్తాయి. ఆసుపత్రి విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో డాక్టరుతో తల్లి బాధను చెప్పించడానికి, కాస్త భాష పట్టుబడిన పదేళ్ల పిల్లాణ్ణి దుబాసీగా నిలబెడతారు. తల్లి సగం మింగేస్తుంది, పిల్లాడు మిగతా సగం తప్పు చెబుతాడు. ఆ భాష తెలిసిన పెద్దవాళ్లు, వీలైతే ఆడవాళ్లు, ఫోన్లోనైనా ఉండాలి.

అన్నిటికంటే గట్టిగా పట్టుకోవలసింది తొమ్మిదో వచనం, ఆమె జోలికి వెళ్లవద్దన్న ఆజ్ఞ. చేలో పరాయి ఆడమనిషికి ఏం జరగొచ్చో బోయజుకు తెలుసు. రూతు అత్త నయోమికీ తెలుసు, అందుకే ఇరవై రెండో వచనంలో ఆమె కూడా హెచ్చరిస్తుంది. కాగితాలు లేనివాళ్లు ఫిర్యాదు చేయరని తెలిసినవాడే కూలి ఎగ్గొడతాడు, చేయి వేస్తాడు. అందుకని పనిలో పెట్టే ముందు యజమానితో సంఘ పెద్దలు ఇద్దరు కూర్చుని కూలి ఎంత, ఎప్పుడిస్తారు, రాత్రి ఎవరు దింపుతారు అని తేల్చుకోవాలి. ఆ యజమాని మన సంఘస్థుడే అయితే ఇంకా గట్టిగా అడగాలి, మొహమాటం అక్కడే ఎక్కువ కదా.

రూతు యవల కోత, గోధుమల కోత ముగిసేవరకు ఆ చేలోనే ఏరుకుంది. మన ఉత్సాహం మూడో వారానికే చల్లబడుతుంది. ఆరుగురు చాలు, ఆరు నెలలకు మాట ఇచ్చినవాళ్లు కావాలి: ఇల్లు ఒకరికి, కాగితాలు ఒకరికి, ఆసుపత్రి ఒకరికి, బడి ఒకరికి, పని ఒకరికి, డబ్బు లెక్క ఒకరికి. కోత పండుగ వేలంలో వచ్చిన దానిలో కొంత భాగాన్ని ముందే విడిగా ఉంచి, ఇద్దరి సంతకాలతోనే తీయాలి. చెన్నైకో ఢిల్లీకో హఠాత్తుగా పిలుపు వస్తే రైలు ఖర్చు అందులోంచే ఇవ్వాలి. వెళ్లేటప్పుడు పిల్లల టీకా కార్డులు, బడి కాగితాలు, ఆసుపత్రి చీటీలు ఒకే ఫైల్లో పెట్టి తల్లి చేతికి అందించాలి.