సల్లివన్లలో మా సల్లివన్‌ని పట్టుకున్న కథ (నా అనుభవం)

మొన్న శుక్రవారం డబ్లిన్ నుంచి కవరొచ్చింది. మా ఆయన పేరు ఐర్లండ్ విదేశీ జననాల రిజిస్టర్‌లో ఎక్కిందని సర్టిఫికెట్. ఈ పనిలో నన్ను ఏడిపించిన వాళ్ళ మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గితే మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

నేను తెనాలి పిల్లని, ఉండేది న్యూజెర్సీలో. పెళ్ళయ్యాక నా ఇంటిపేరు సల్లివన్. తాతయ్యో, నానమ్మో, అమ్మమ్మో ఐర్లండ్ గడ్డ మీద పుట్టి ఉంటే, మనవలు ఆ రిజిస్టర్‌లో పేరు రాయించుకుని ఆ దేశ పౌరులు కావచ్చు. మా ఆయన తాత అక్కడే పుట్టాడు, పేరు టిమొతీ. ఇంట్లోవాళ్ళకి తెలిసింది అంతవరకే. ఏ ఊరని అడిగితే మామగారు "కార్క్" అన్నారు. కార్క్ ఐర్లండ్‌లో అన్నిటికన్నా పెద్ద కౌంటీ. అందులో సల్లివన్ అనే పేరు పట్టుకుని వెతకడం ఎలాంటిదో చెబుతాను వినండి. 1890లో రిజిస్టరైన జననాలను బట్టి రాబర్ట్ మాథసన్ అనే అధికారి ఐర్లండ్ ఇంటిపేర్ల లెక్క వేశాడు. మర్ఫీ, కెల్లీల తర్వాత మూడో స్థానం సల్లివన్లదే, 43,600 మంది. వాళ్ళలో ఎక్కువమంది కార్క్, కెర్రీ కౌంటీల్లోనే ఉన్నారు.

మా మరిది అప్పటికే ఒక సైటుకి డబ్బు కట్టి వంశవృక్షం తయారుచేశాడు. టిమొతీ సల్లివన్ అని కొడితే కుప్పలుగా వచ్చారట, వాళ్ళలో కోట ఉన్నవాణ్ణి ఎంచుకున్నాడు. ఆ వృక్షం ప్రకారం మా ఆయన డన్‌బోయ్ కోట ప్రభువు డోనల్ కామ్ ఓసల్లివన్ బేర్ వంశం. "సల్లివన్ వంశ చిహ్నం" అచ్చేసిన కాఫీ కప్పులు కూడా పంచాడు. ఐర్లండ్‌లో ఆ చిహ్నాలు ఒక్కో మనిషికి ఇచ్చేవి, ఇంటిపేరున్న ప్రతివాడికీ కాదు. అవి అమ్మేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. మనవైపు ప్రతి ఇంట్లో ఒక జమీందారు ముత్తాత ఉన్నట్టే అమెరికాలో ప్రతి ఐరిష్ ఇంట్లో ఒక కోట ఉంటుంది.

నేను ఓడ జాబితాతో మొదలుపెట్టాను. 1920లలో అమెరికా వచ్చినవాళ్ళ ఓడ జాబితాల్లో పుట్టిన ఊరు, వెనక వదిలి వచ్చిన దగ్గరి బంధువు పేరు, ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్తున్నారో అన్నీ ఉంటాయి. మరిది ఏళ్ళ తరబడి చందా కట్టి కనుక్కోలేనిది నాకు ఒక్క సాయంత్రంలో దొరికింది. కోవ్ రేవులో ఓడ ఎక్కిన ఇరవయ్యేళ్ళ టిమొతీ సల్లివన్, తండ్రి జెరెమయా, ఊరు అలహీస్, వెళ్తున్నది మోంటానాలో బ్యూట్‌లో ఉన్న బాబాయి దగ్గరికి. అన్నట్టు, ఎల్లిస్ ఐలండ్‌లో గుమాస్తాలు ఇంటిపేర్లు మార్చేశారని చెబుతుంటారే, అది కట్టుకథ. ఆ జాబితాలు ఓడ బయల్దేరే రేవులోనే రాసేవారు, ఇక్కడి వాళ్ళు వాటిని చూసి ప్రశ్నలు అడిగేవారు. మా తాతగారి పేరు ముందు "ఓ" ఊడింది అమెరికాలో కాదు, ఐర్లండ్‌లోనే, అంతకు చాలా ముందే. ఇంగ్లీషు పాలనలో వేలాది కుటుంబాలు "ఓ", "మాక్" వదిలేశాయి. 19వ శతాబ్దం చివర్లో ఐరిష్ భాషా ఉద్యమం వచ్చాక కొందరు మళ్ళీ తగిలించుకున్నారు. అందుకే అన్న ఓసల్లివన్, తమ్ముడు సల్లివన్ అయిన ఇళ్ళు కనిపిస్తాయి.

ఊరు దొరికాక చరిత్ర దానంతటదే విప్పుకుంది. నిజానికి సల్లివన్లు కార్క్ వాళ్ళే కాదు. వాళ్ళ పాత నేల టిపరేరీ కౌంటీలో నాక్‌గ్రాఫన్ చుట్టుపక్కల సారవంతమైన మైదానం. నార్మన్లు వచ్చాక 1190ల ప్రాంతంలో అక్కడి నుంచి తరిమితే, నైరుతి మూల సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాళ్ళ నేలకి చేరారు. అదే మా అలహీస్ ఉన్న బేరా ద్వీపకల్పం, దాని పక్క కెర్రీ. అక్కడ ఓసల్లివన్ మోర్, ఓసల్లివన్ బేర్ అని రెండు పెద్ద శాఖలయ్యాయి. 1602 జూన్‌లో ఇంగ్లీషు సైన్యం డన్‌బోయ్ కోటని పడగొట్టింది. ఆ ఏడు డిసెంబరు 31న డోనల్ కామ్ సుమారు వెయ్యిమందితో గ్లెన్‌గారిఫ్ నుంచి ఉత్తరానికి నడక మొదలుపెట్టాడు. రెండు వారాల తర్వాత లీట్రిమ్ చేరింది 35 మంది. అతను స్పెయిన్ పారిపోయి 1618లో మాడ్రిడ్‌లో హత్యకు గురయ్యాడు. గొప్ప కథే. కానీ మా వాళ్ళు అతని సంతానం అనడానికి కాగితం ముక్క లేదు. మా వాళ్ళకి కాగితాల మీద ఉన్నది రాగి గని.

అలహీస్‌లో పక్స్లీ కుటుంబం 1812లో రాగి తవ్వకం మొదలుపెట్టింది. నైపుణ్యం తెలిసిన పనివాళ్ళని కార్న్‌వాల్ నుంచి తెచ్చి వాళ్ళకి ఇళ్ళు, ప్రార్థన మందిరం కట్టించారు. ఊరివాళ్ళకి దక్కింది రాళ్ళు కొట్టే కూలి. ఆ మందిరమే ఇప్పుడు గనుల మ్యూజియం. 19వ శతాబ్దం చివరికి గనులు దెబ్బతినడంతో, రాళ్ళు తొలవడం తప్ప ఇంకోటి రాని జనం ఊరికి ఊరే కదిలింది. ముందు మిషిగన్ రాగి గనులకి, తర్వాత మార్కస్ డేలీ అనే కావన్ కౌంటీ మనిషి గనులు తెరిచిన బ్యూట్‌కి. బ్యూట్ టౌను డైరెక్టరీల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఇంటిపేరు సల్లివనే. న్యూయార్క్‌లో దిగి, మధ్యలో ఎక్కడా ఆగకుండా మూడువేల కిలోమీటర్లకు పైగా రైల్లో పోయి కొండ కిందకి దిగారంటే, అక్కడ తమ వాళ్ళున్నారన్న ధైర్యమే. అమీర్‌పేట నుంచి డాలస్ వచ్చిన మనకి ఇది వివరించక్కర్లేదు.

ఐర్లండ్ వైపు రికార్డులు తేలిక. 1922 జూన్‌లో డబ్లిన్‌లో ప్రభుత్వ రికార్డుల ఆఫీసు కాలిపోయి పాత జనాభా లెక్కలు చాలా పోయాయి, కానీ 1901, 1911 లెక్కలు పూర్తిగా ఉన్నాయి, ఉచితం. 1864 నుంచి జననాల రిజిస్టరూ ఉంది, నూరేళ్ళు దాటిన పేజీలు ఆన్‌లైన్లో ఉచితం. 1911 లెక్కలో ఆరేళ్ళ టిమొతీ దొరికాడు. ఆ ఇంట్లోనే ఉన్న నానమ్మ 1901లో 58 ఏళ్ళావిడ, 1911లో 74 ఏళ్ళావిడ. పదేళ్ళలో పదహారేళ్ళు పెరిగిందని కంగారు పడకండి. డెబ్బై నిండిన ముసలివాళ్ళకి 1909 జనవరి నుంచి వారానికి అయిదు షిల్లింగుల దాకా పింఛను మొదలైంది, దేశమంతా ఒక్కసారిగా వయసు మీద పడింది. టిమొతీ జనన తేదీ రిజిస్టర్‌లో 1905 మార్చి 14. చర్చి నుంచి తెప్పించిన బాప్తిస్మం కాగితంలో ఫిబ్రవరి 26. పుట్టకముందే బాప్తిస్మం అయిందన్నమాట! రిజిస్టర్ చేయించే గడువు దాటితే జరిమానా పడేది, అందుకని తండ్రులు పుట్టిన తేదీనే తర్వాతి తేదీకి జరిపేవారు. ఇక అమెరికాలో ఆయన తన పుట్టినరోజు మార్చి 17, సెయింట్ పాట్రిక్ పండుగ రోజని చెప్పుకున్నాడు.

ఇంతవరకూ సరదాగానే ఉంది. నా దుంప తెంచింది అమెరికా వైపు ఒక్క కాగితం, తాతగారి పెళ్ళి సర్టిఫికెట్. ఆయన 1930లలో బ్యూట్ వదిలి వేరే రాష్ట్రంలో పెళ్ళి చేసుకున్నాడు. ఏ రాష్ట్రమో, ఏ ఆఫీసో చెప్పను. మామగారికి మోకాలి ఆపరేషన్ అయింది, మా ఆయనకి సెలవు దొరకలేదు. మామగారి సంతకంతో అనుమతి పత్రం, ఆయన ఐడీ కాపీ, నా లైసెన్సు, అన్నీ పట్టుకుని నేనే వెళ్ళాను.

కిటికీ వెనక ఒకావిడ. ఫారం తీసుకుని "పేరు?" అంది.

"సల్లివన్."

"రికార్డులో పేరు కాదు, మీ పేరు."

"నాదీ సల్లివనే."

తలెత్తి చూసింది. లైసెన్సు తీసుకుని ముందూ వెనకా తిప్పింది, లైటుకి ఎత్తి పట్టింది. "పుట్టింటి పేరు కాదుగా?" అంది. కాదన్నాను. "అదే అనుకున్నా" అంది. నా వెనక లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వెనక్కి తిరిగి, గదంతా వినపడేట్టు, "ఇక్కడొక ఇండియన్ లేడీ ఐరిష్ ఆయన పెళ్ళి కాగితం కావాలంటోంది, ఇవ్వొచ్చా?" అని తోటి ఉద్యోగిని అడిగింది. అతనొచ్చి నా అనుమతి పత్రం చదివి ఇవ్వొచ్చన్నాడు. చెవుల దాకా వేడెక్కిపోయింది నాకు. అయినా నోరు మెదపలేదు, కాగితం చేతికొచ్చేదాకా మనం మనిషి కిందే లెక్క కాదని రెవెన్యూ ఆఫీసుల్లో చిన్నప్పుడే నేర్చుకున్నాను.

ఆవిడ వెతికింది. ఏదో దొరికింది, మొహంలో తెలుస్తూనే ఉంది. కానీ తెర నా వైపు తిప్పలేదు. "వరుడి తండ్రి పేరేంటన్నారు?"

"జెరెమయా."

"మీరు అడిగిన మనిషి ఈయన కాదు" అని ఫారం వెనక్కి నెట్టింది.

గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. తేదీ అదే, వధువు పేరు అదే, తల్లి పేరు హనోరా హారింగ్టన్ అని కూడా కలిసింది. రికార్డులో వరుడి తండ్రి డార్బీ అని ఉంది, ఇంటిపేరు ఓసల్లివన్ అని ఉంది. కార్క్, కెర్రీల్లో ఐరిష్‌లో డియర్మడ్ అని పిలుచుకునే మనిషిని ఇంగ్లీషు కాగితాల మీద ఒకచోట జెరెమయా అని, ఒకచోట డార్బీ అని రాసేవారని చెప్పాను. టైగ్ టిమొతీ అయ్యాడు, నోరా హనోరా అయింది, ఇది అక్కడ మామూలే అన్నాను. "మేడమ్, డార్బీ, జెరెమయా రెండు వేర్వేరు పేర్లు" అంది, ఒకటో తరగతి పిల్లకి చెప్పినట్టు సాగదీసి. "ఐరిష్ వాళ్ళ గురించి మీకెలా తెలుసు?" అని కూడా అడిగింది. లైన్లో మళ్ళీ నవ్వు. పైఅధికారిని పిలవమన్నాను. ఆయనొచ్చి, ఆవిడ చెప్పిందే కాస్త మెత్తగా చెప్పి, ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నాడు. ఏ రుజువు అంటే "ప్రభుత్వ కాగితం ఏదైనా" అన్నాడు. పార్కింగ్‌లోకి వచ్చి కారులో కూర్చుని ఏడ్చాను. తర్వాత తెనాలిలో మా అమ్మకి ఫోన్ చేసి ఆ ఆఫీసు మొత్తాన్ని శుద్ధ తెలుగులో తిట్టాను.

పేర్లు కలవకపోతే ఏం చెయ్యాలో తెలుగువాళ్ళకి ఒకరు నేర్పాలా? నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్ళయ్యాక వేరే. అఫిడవిట్లతోనే పెరిగాను. ఆ మనిషి స్వయంగా నింపిన కాగితం కావాలనుకున్నాను. 1936లో సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఇవ్వడం మొదలైనప్పుడు నంబరు తీసుకున్న ప్రతివాళ్ళూ ఒక దరఖాస్తు నింపారు, దాన్ని ఎస్ఎస్-5 అంటారు. అందులో తల్లిదండ్రుల పేర్లుంటాయి. చనిపోయినవాళ్ళ దరఖాస్తు కాపీని డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. అది వచ్చిన రోజు చూడాలి నా ఆనందం. తండ్రి పేరు గడిలో తాతగారు బండ అక్షరాలతో "జెరెమయా సల్లివన్" అని రాసి, పక్కన చోటు చాలక పైకి ఎక్కించి "డార్బీ" అని రాశాడు. తల్లి హనోరా హారింగ్టన్. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ అదే కిటికీకి వెళ్ళాను. అదే ఆవిడ. చదివింది, ఏమీ అనలేదు, సర్టిఫికెట్ ప్రింటు తీసి ఫీజు అడిగింది. సారీ అనే మాట ఆవిడ నోటి నుంచి రాలేదు.

డబ్లిన్‌కి ఈ కాగితాలన్నీ ఒరిజినల్స్ పంపుతూ, పేర్ల తేడా గురించి అర పేజీ ఉత్తరం పెట్టాను. వాళ్ళు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. డార్బీ ఎవరో వాళ్ళకి వేరే చెప్పాలా!

మీలో ఎవరైనా అటువైపు కోడళ్ళో అల్లుళ్ళో ఉంటే, ఇంటిపేరు వదిలేసి ఊరు పట్టుకోండి. బేరాలో ఇప్పటికీ సల్లివన్ అంటే చాలదు, ఏ సల్లివన్ అని అడుగుతారు. బాన్ అనో రువా అనో ఇంటింటికీ ఒక అడ్డపేరుంది, జుట్టు రంగుని బట్టి వచ్చినవి కూడా. అమెరికా సర్టిఫికెట్లు తల్లిదండ్రుల వివరాలున్న పూర్తి కాపీలే తీసుకోండి. వంశ చిహ్నాల కప్పులు కొనకండి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముందు రిజిస్టర్ చేయించుకోండి. తండ్రి పేరు ఎక్కకముందు పుట్టిన పిల్లలకి ఈ దారిలో హక్కు రాదు, మా పిల్లలిద్దరికీ రాలేదు. వాళ్ళు పుట్టకముందే మా ఆయన కదిలి ఉంటే వచ్చేది, ఆ మాట ఇంట్లో రోజూ అంటున్నాను. మామగారికైతే అసలు రిజిస్టరే అక్కర్లేదు, తండ్రి ఐర్లండ్‌లో పుట్టాడు కాబట్టి ఆయన పుట్టుకతోనే ఐరిష్ పౌరుడు. సంగతి తెలిసి పాస్‌పోర్టు ఫోటో దిగడానికి కొత్త చొక్కా కొన్నారు.

నిన్న మరిది ఫోన్ చేశాడు, తనకీ కావాలట, నా కాగితాలు స్కాన్ చేసి పంపమన్నాడు. స్కాన్‌లు చెల్లవు, ఒరిజినల్స్ తెచ్చుకోవాలని చెప్పాను. ఆఫీసు అడ్రసు పంపించి, ఏ కిటికీ దగ్గర నిలబడాలో కూడా రాశాను.