నలభై దాటాక స్కూటీ: కర్నూలు ట్రాఫిక్‌లో నా అనుభవం

ఈ వయసులో స్కూటీ ఏంటని ఇంట్లో అందరూ నవ్వారు. రోజూ షేర్ ఆటోలో ఒక పక్కకి వేలాడుతూ ఆఫీసుకు పోయేది నేను, వాళ్లు కాదు కదా! రవాణా శాఖ వాళ్ల సారథి వెబ్‌సైట్‌లో ఎల్‌ఎల్‌ఆర్‌కు, అంటే బండి నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సుకు, దరఖాస్తు పెట్టేశాను.

కాగితాల పని అనుకున్నంత కష్టమేం కాదు. నలభై దాటినవాళ్లకు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ అనే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అది ముందే చేయించి పెట్టుకుంటే తిరుగుడు తప్పుతుంది. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది కానీ, 30 రోజులు గడిస్తేగానీ అసలు పరీక్షకు పోలేం. అందాకా బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రగా ‘ఎల్’ అక్షరం ఉండాలి. నేర్పేవాళ్లను తప్ప వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు. స్కూటీ మీద పరీక్ష ఇస్తే గేర్లు లేని బండికే లైసెన్స్ వస్తుంది. గేర్ల బండి కూడా నడపాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి. నాకా అవసరం లేదు.

నేర్పింది మా తమ్ముడు. ఎండ ముదరకముందే కాలేజీ మైదానానికి తీసుకుపోయేవాడు. ఎనిమిది వేయడం, అంటే కాలు కింద పెట్టకుండా 8 అంకెలా బండి తిప్పడం, తొందరగానే పట్టుబడింది. "అక్కా, ముందు చక్రం చూస్తాండావు నువ్వు. యాడికి పోవల్లో ఆడికి చూడు" అన్నాడు. నిజమే, చూపు ఎటు పోతే బండి అటే పోయింది.

వాడు నాతో ఎక్కువ చేయించింది మాత్రం బ్రేకులే. ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందని మనవైపు ఆడవాళ్లందరికీ భయం. దాంతో వెనక బ్రేకే నొక్కుతారు, కాళ్లు కింద ఈడుస్తారు. నిజానికి బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వచ్చి ముందు టైరు మీద పడుతుంది, ఎక్కువ పట్టు ఆ టైరుకే ఉంటుంది. హ్యాండిల్ తిన్నగా ఉంచి, గబుక్కున లాగకుండా పిండుతూ పోవాలి. ఒంపులో గానీ ఇసుక మీద గానీ ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే పడిపోవడమే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు బండ్లకు కాంబీ బ్రేకైనా, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అయినా ఉండాలని రూల్ వచ్చింది. మా స్కూటీకి ఉన్నది కాంబీ, ఎడమ లీవర్ పట్టుకుంటే రెండు చక్రాలకూ పడుతుంది. అయినా కుడి లీవర్ కూడా కలిపి పట్టడం అలవాటు చేయించాడు. మైదానంలో ఒక ఇటుకరాయి పెట్టి, దాని దగ్గరికి రాగానే "ఆపు!" అని అరిచేవాడు. టెస్టులో ఇదెవరూ అడగలేదు. ఎనిమిది వేశాను, కాలు కింద పెట్టలేదు, పాసయ్యాను.

రాజ్‌విహార్ సెంటర్‌లో పనికొచ్చింది మాత్రం ఆ ఇటుకరాయే. అక్కడ ఆటోలు ఇండికేటర్ వేస్తాయని ఎదురుచూసి లాభం లేదు. ముందున్న ఆటోను కాదు, రోడ్డు పక్కన నిలబడినవాళ్లను చూడాలి. ఎవరైనా చెయ్యి ఎత్తారంటే ఆ ఆటో ఎడమకి తిరిగి ఉన్నపాటున ఆగుతుంది. ఆ చెయ్యి కనబడగానే నా వేళ్లు లీవర్ల మీదికి పోతాయి. బళ్లారి చౌరస్తా దగ్గర బస్టాండు నుంచి వచ్చే ఆర్టీసీ బస్సులకు ఎడమవైపు ఎంత సందు ఉన్నా దూరను. బస్సు మలుపు తిరిగితే వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, మనం ఉన్నామని డ్రైవరన్నకు తెలియను కూడా తెలియదు. వెనక హారన్ కొట్టేవాళ్లు కొట్టుకోనీ!

హెల్మెట్ గురించి మా ఆఫీసులో రోజూ వాదనే. మే నెల ఎండకు తల ఉడికిపోతుందంటారు. ఉడుకుతుంది, కాదనను. లోపల పల్చటి నూలుగుడ్డ కట్టుకుంటే కొంత మేలు. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదని రూల్ ఉన్నా, టోపీలాంటివి రోడ్డు పక్కన అమ్ముతూనే ఉన్నారు. అవి పోలీసుల కోసం పెట్టుకునేవి. నాది మొహం మొత్తం కప్పేది. పట్టీ బిగించాక గదమ కింద రెండు వేళ్లు మాత్రమే దూరాలి. పట్టీ పెట్టుకోకపోతే పడినప్పుడు హెల్మెట్ ఒక పక్క, మనిషి ఒక పక్క. ఇక చీరకొంగు, చున్నీ నడుముకు చుట్టి దోపుకున్నాకే స్టార్ట్ చేస్తాను.

హైవే మీదికి మాత్రం ఇప్పటికీ పోను. 44వ నంబరు రోడ్డులో లారీ పక్కనుంచి పోతే ఆ గాలికే స్కూటీ ఊగుతుంది. వెల్దుర్తిలో మా చిన్నమ్మ ఇంటికి పోవాలంటే బస్సే ఎక్కుతా. తమ్ముడు "ఇంకా భయమేందక్కా" అంటాడు. అననీ.